ఏబది పౌనుల పందెము

వ్యాపారము నెలకొల్పదలచినవాడు ధనవంతుల యెదుట నిలిచి తన పథకమును విన్నవించుకొనుట నేడు పుట్టిన ఆచారము కాదు. వర్తకులు ఓడలకు సరకెత్తిన దినములలోను అది యున్నది. నేడు అట్టి కొత్త సంస్థలను స్టార్టప్‌లని పిలుచుచున్నాము. పెట్టుబడి పెట్టువారు కొన్ని నిమిషముల ప్రసంగము విని, కొన్ని పటములు చూచి, లక్షలో కోట్లో ఈయవలెనా వలదా యని నిశ్చయించుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో పెక్కు దేశములందు ఇట్లు వినబడిన పథకములలో ఒకటి క్రీడాపందెములకు సంబంధించినది. ఆటలమీద పందెము కాయుటను ఒంటరి పనిగా విడువక స్నేహితుల కూటమిగా మార్చెదమనియు, ఒకే ఆటను అభిమానించువారు ఫోనులలోనే కలిసికొని, ఒకరి అంచనాను మరియొకరు చూచుకొని, కలసి పణమొడ్డుదురనియు, తాము నడుమనుండి స్వల్పమైన వంతు మాత్రము తీసికొందుమనియు దాని సారాంశము.

ఇట్టి పథకమును తూచుట యెట్లు? ఫోను కొత్తదే గాని పథకము పాతది. 1923లో ఇంగ్లండు దేశపు లివర్‌పూలు నగరమున ముగ్గురు మిత్రులు తలకు 50 పౌనులు వేసికొని దాదాపు ఇదే వ్యాపారమును ఆరంభించిరి. ఇద్దరు నడుమనే విరమించుకొనిరి; ఒకడు నిలిచి కోటీశ్వరుడాయెను. వారిలో ఎవరి తూనిక సరియైనది? వారి త్రాసులో ఏది పడలేదు? ఈ రెండు ప్రశ్నలను మనసున నిడికొని ఆ చరిత్రను పరికింతము.

మొదట పందెపు వ్యాపారపు మర్మమును తెలిసికొనవలెను. అది రెండు విధములు. ఒకటి బుకీ పద్ధతి. ఫలానా గుఱ్ఱము గెలిచినచో రూపాయికి నాలుగు రూపాయలిత్తునని బుకీ ముందే మాట యిచ్చును. ఆ గుఱ్ఱమే గెలిచి, పెక్కుమంది దానిమీదనే కాచియున్నచో అతడు తన సొంత సొమ్ము చెల్లింపవలెను. అనగా అతడును పందెగాడే. రెండవది నిధి పద్ధతి. అందరి పణములను ఒక నిధిలో పోసి, నిర్వాహకుడు తన వంతును ముందుగా తీసికొని, మిగిలినదానిని గెలిచినవారికి పంచును. ఎవరు గెలిచినను అతనికి ఒక్కటే. 1867లో పారిస్ నగరమున జోసెఫ్ ఒల్లేరు గుఱ్ఱపు పందెములలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. 1913లో జార్జి జూలియస్ అను ఇంజనీరు ఈ లెక్కలు వేయు యంత్రమును న్యూజిలాండులోని ఆక్లండు నగరమున, ఎలర్‌స్లీ పందెపు మైదానములో నెలకొల్పెను. విచిత్రమేమనగా అతడు ఆ యంత్రమును మొదట ఎన్నికల ఓట్లు లెక్కించుటకై ఊహించెను. ప్రభుత్వము వలదనగా పందెములకు మళ్లించెను.

నిర్వాహకుడు ఆడక, ఆడించి వంతు తీసికొనుట మన ధర్మశాస్త్రములకు తెలియని విషయము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. జూదము ఒకే చోట, అతని కన్నుల యెదుట జరుగవలెను. గెలిచినవానినుండి అతడు నూటికి 5 వంతులు గైకొనును. పాచికలకు అద్దె, నీటికిని చోటునకును రుసుము వేరు. యాజ్ఞవల్క్యస్మృతి సభికునకు, అనగా జూదపు శాల నడపువానికి, పెద్ద గెలుపులలో నూటికి 5, చిన్నవానిలో నూటికి 10 వంతులు విధించినది. అందుకు బదులుగా అతడు గెలిచినవానికి సొమ్ము ముట్టచెప్పవలెను. రాజునకు భాగము చెల్లింపవలెను. ఆడించువానికి వంతు, ప్రభువునకు భాగము, ఆటపై నిఘా అను మూడంశములును ఆనాడే యేర్పడినవి. తరువాత వచ్చిన పందెపు వ్యాపారములన్నియు ఈ మూడింటి చుట్టును తిరిగినవే.

ఇక లివర్‌పూలునకు పోవుదము. జాన్ మూర్స్ 1896లో లాంకషైరులోని ఎకిల్సు పట్టణమున తాపీ పనివాని యింట జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో అతడొకడు. చిన్ననాడే బడి మాని, మాంచెస్టరు తపాలా కార్యాలయములో వార్తలు మోసికొనిపోవు కుఱ్ఱవాడుగా చేరెను. పిమ్మట తంతివిద్య నేర్చి, సముద్రగర్భపు తీగెలపై వార్తలు పంపు కమర్షియల్ కేబుల్ కంపెనీలో ఉద్యోగియయ్యెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున నౌకాదళములో వైర్లెస్ పని చేసెను. అతని యిద్దరు భాగస్వాములు, కోలిన్ ఆస్కమ్, బిల్ హ్యూస్, అదే కంపెనీలోని సహోద్యోగులు. బర్మింగ్‌హాం వాస్తవ్యుడగు జాన్ జెర్విస్ బర్నార్డు ఫుట్‌బాలు ఆటల ఫలితములను ఊహించు నిధిని నడపుచున్నాడని వారు వినిరి. అతడు నిర్వహణవ్యయము క్రింద నూటికి 10 వంతులు తీసికొని మిగిలినది పంచుచుండెను. అయినను వ్యాపారము సాగుట లేదు. దీనినే మనము మరింత చక్కగా నడుపవచ్చునని ముగ్గురును తలంచిరి.

ఉద్యోగము చేయుచు బయట వ్యాపారము చేసినట్లు కంపెనీకి తెలిసినచో కొలువు పోవును. కావున తమ పేర్లు పెట్టలేదు. ఆస్కమ్ పుట్టినప్పటి యింటిపేరు లిటిల్‌వుడ్. పిన్నమ్మ పెంపకమున అది మారినది. ఎవరికిని తెలియని ఆ పేరే సంస్థకు పెట్టబడినది. తరువాత అర్ధశతాబ్దమునకు పైగా బ్రిటనులో ఆ పేరు తెలియని గృహము లేకపోయెను.

మొదటి పరీక్ష మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానము వెలుపల జరిగినది. ఒక శనివారము ఆటకు వచ్చిన జనమునకు 4,000 కూపనులు పంచిరి. తిరిగి వచ్చినవి 35. వానితో వచ్చిన పణముల మొత్తము 4 పౌనుల 7 షిల్లింగుల 6 పెన్నీలు. అందులో నూటికి 10 వంతున సంస్థకు దక్కునది 8 షిల్లింగుల 9 పెన్నీలు మాత్రమే, అచ్చుకూలికైనను చాలదు. పిమ్మట హల్ నగరమున 10,000 కూపనులు పంచిరి. తిరిగి వచ్చినది ఒకే ఒకటి. 1924-25 ఆటల కాలము నడుమకు వచ్చునప్పటికి ఒక్కొక్కరి పెట్టుబడి 50 నుండి 200 పౌనులకు పెరిగినది, లాభమెచ్చటను కానరాలేదు. హ్యూస్, ఆస్కమ్ ఇరువురును ఇంక చాలుననిరి. మూర్స్ వారికి తలకు 200 పౌనుల చొప్పున, వారు పెట్టినంతయు చెల్లించి, రెండు వాటాలను కొనెను. అనగా నష్టములో నున్న సంస్థపై మరల 400 పౌనులు ఒడ్డెను.

ఈ ఘట్టమున మనము కొంత నిలువవలెను. కథ యిట్లు ముగిసినదని యెరిగిన మనకు ఆ యిద్దరును మందబుద్ధులుగా తోచుట సహజము. కాని వారి చేతిలోని లెక్కలను చూడుడు. 35 కూపనులకు 4 పౌనుల 7 షిల్లింగుల 6 పెన్నీలనగా కూపనుకు సగటున రెండున్నర షిల్లింగులు. దానిలో పదవ వంతు 3 పెన్నీలు. ఒక కూపను తిరిగి వచ్చుటకు ఓల్డ్ ట్రాఫర్డ్ వద్ద 114 కూపనులు అచ్చువేసి పంచవలసి వచ్చినది. మూడు పెన్నీల కొరకు నూటపదునాలుగు కాగితములు! ఇట్టి వ్యాపారమును విడిచిపోవుట వివేకమనియే యే గుమాస్తాయైనను చెప్పును. పైగా వారు పెట్టిన సొమ్మంతయు తిరిగి తీసికొని, ఒక్క పెన్నీయైనను పోగొట్టుకొనక తప్పించుకొనిరి. ఆనాటి సాక్ష్యమును బట్టి వారి తీర్పు తప్పు కాదు.

అయినను అదే లెక్కలో మరియొక పఠనము కలదు. ఒకనాడు కూపను పంపినవాడు ఒకనాటితో ఆగునా? ఆటలు శరత్కాలమునుండి వసంతము వరకు ప్రతి శనివారము జరుగును. ఒకడు 36 వారములు క్రమముగా పంపినచో ఆ 3 పెన్నీలు 9 షిల్లింగులగును. రెండవ సంవత్సరము అతనికి మరల 114 కాగితములు పంచనక్కరలేదు. తపాలాలో ఒకటి పంపిన చాలును. కావున తూచవలసినది మొదటిసారి ఎందరు వచ్చిరను సంఖ్యను మాత్రమే కాదు, వచ్చినవారిలో ఎందరు నిలుతురను సంఖ్యను గూడ. నేటి పెట్టుబడిదారులును పందెపు స్టార్టప్‌ను చూచునపుడు మొదట అడుగునది ఇదే. వచ్చువానిని రప్పించుటకైన వ్యయమెంత? వాడు నిలిచినంత కాలము ఇచ్చునదెంత? ఓల్డ్ ట్రాఫర్డ్ ద్వారము వద్ద మొదటి అంకె తెలిసినది. రెండవ అంకె తెలియుటకు కాలము కావలసెను. మూర్స్ ఆ కాలమును 400 పౌనులకు కొనెను.

ఆ కాలమును అతడు వృథాపుచ్చలేదు. కుటుంబసభ్యులు పనిలో చేరిరి. తమ్ముడు సెసిల్, కూపనులలో మోసము జరుగకుండ కాపాడు తనిఖీపద్ధతిని కల్పించెను. ఆటలు ముగిసిన పిదప వ్రాసిన కూపను ముందే వ్రాసినట్లు నిధిలోనికి దూరినచో వ్యాపారమే కూలును గదా! 1930 తరువాత కొలది కాలములోనే జాన్ మూర్స్ పది లక్షల పౌనులకు పైబడిన ఆస్తిపరుడాయెను. 1932లో తపాలాద్వారా సరకులమ్ము వ్యాపారము, 1937లో బ్లాక్‌పూలునందు మొదటి అంగడి వెలసినవి. కూపనులు సరిచూచుటకు వేలకొలది స్త్రీలు పనిచేసిరి. కొలువులు కరవైన ఆ దినములలో లివర్‌పూలునకు అది చిన్న మేలు కాదు.

శాసనము మాట చూతము. 1920లో బ్రిటిషు పార్లమెంటు ఫుట్‌బాలుపై రొక్కపు పందెములను నిషేధించినది. ముందు సొమ్ము తీసికొని పందెము కట్టించుకొనరాదు. నిధివారు దీనికొక త్రోవ కనిపెట్టిరి. సొమ్ము ముందుగా ముట్టరు. ఫలితములు వచ్చిన పిమ్మటనే పణము వారిదగును. మూర్స్‌పై అభియోగము వచ్చినది. క్రింది న్యాయస్థానమున శిక్ష పడినను అప్పీలులో అతడు గెలిచెను. ఇందులో ఒక విశేషము కలదు. ఓడిపోయిన పిదప సొమ్ము పంపుటకు జనము సిద్ధపడవలెను. మాట నమ్మి ఆడించుట, మాట నిలుపుకొని చెల్లించుట అను సామాన్యజనుల నీతిపై ఆ వ్యాపారము నిలిచినది. జూదమునకు పునాది నిజాయితీ యగుట వింతగా తోచవచ్చును, కాని జరిగినదదియే. అయితే మరియొక తీర్పు వచ్చియున్నచో ఆ 400 పౌనులును ఒక్క దినములో మట్టిగలిసియుండెడివి.

కూటమి సంగతి కూడ గమనింపవలెను. కూపను ఇంటిలో భోజనపు బల్లమీద నింపబడెడిది. కర్మాగారములలో పనివారు జట్లుగా చేరి తలా కొంత వేసికొని ఒకే కూపను పంపెడివారు. క్రమముగా వీధి వీధికి కూపనులు కూడగట్టువారు ఏర్పడిరి. వారు ఇరుగుపొరుగువారే, చిన్న కమీషనుకు పనిచేయువారు. నేడు స్నేహితులద్వారా స్నేహితులను చేర్చుటను స్టార్టప్‌లు తమ నూతన బలముగా చెప్పుకొనుచున్నవి. ఆ బలమునే లిటిల్‌వుడ్స్ కాలినడకను, తపాలా సంచితోను సాధించినది. అటుపిమ్మట రేడియో తోడైనది. 1948 జనవరిలో బి.బి.సి. స్పోర్ట్స్ రిపోర్ట్ అను కార్యక్రమమును ఆరంభించినది. శనివారము సాయంకాలము ఆటల ఫలితములు చదువుచుండగా గృహములలో మాటలు నిలిచి, కలములు కదలెడివి. 1974 నుండి 2013 వరకు రేడియోలో ఫలితములు చదివిన జేమ్స్ అలెగ్జాండర్ గార్డన్ జట్ల పేర్లను పలికిన తీరును బట్టియే, రెండవ జట్టు సంఖ్య చెప్పకముందే, గెలుపో ఓటమో సమమో శ్రోతలు గ్రహించెడివారు. స్వరమునందలి ఆరోహణావరోహణములు సామాన్యమైన అంకెలను సంగీతముగా మార్చిన సందర్భమిది.

ఇంతవరకు ఒకరిని మరచితిమి. ఆట ఎవరిది? బంతిని తన్నినవారికిగాని, జట్లకుగాని, లీగుకుగాని నిధినుండి ఒక్క పెన్నీ ముట్టుట లేదు. 1936లో ఫుట్‌బాలు లీగు పందెములపై యుద్ధము ప్రకటించినది. లీగు పెద్దలలో ఒకడగు చార్లెస్ సట్‌క్లిఫ్ ఇందుకు ముందు నిలిచెను. ఏ జట్టు ఎవరితో ఆడునో ముందుగా ప్రకటింపకుండినచో కూపను అచ్చువేయుట యెట్లు? ఫిబ్రవరి చివరను, మార్చి మొదటను రెండు శనివారములు ఆటల పట్టికను దాచిరి. ఫలితము విపరీతమైనది. ఎవరి ఆటయో తెలియక ప్రేక్షకులే రాలేదు, జట్లు తిరుగబడినవి, ఉద్యమము చల్లబడినది. లీగు ఓడినది గాని ప్రశ్న చావలేదు. 1959లో లీగు న్యాయస్థానమునకు పోయి, ఆటల పట్టిక తన గ్రంథస్వామ్యమని తీర్పు పొందినది. అప్పటినుండి నిధివారు లీగునకు సాలీనా 2,45,000 పౌనులకు తక్కువ కాకుండ చెల్లించుటకు ఒడంబడిరి. ముప్పదియారు సంవత్సరములు ఉచితముగా వాడుకొన్న వస్తువునకు ఒకనాడు వెల కట్టవలసి వచ్చినది. ఇతరుల ఆటపై కట్టిన వ్యాపారమును తూచువారు ఈ బాకీని ముందే లెక్కలో వ్రాసికొనుట మంచిది.

ప్రభువు భాగము మరియొక బాకీ. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1947లో, బ్రిటిషు ప్రభుత్వము నిధి పందెములపై నూటికి 10 వంతుల పన్ను వేసినది. రెండేండ్లలో అది 30 వంతులాయెను. వ్యాపారము పెరిగిన కొలది ప్రభుత్వము దానిని నిషేధించుట మాని దానిలో భాగస్వామి యగుటకు ఇష్టపడినది. కౌటిల్యుని యధ్యక్షుడు లండనునకు వచ్చెనన్నమాట.

పందెము ఆటను మించిపోయిన ఘట్టము 1963లో జరిగినది. ఆ శీతకాలమున మంచు గడ్డకట్టి వారము వెంట వారము ఆటలు నిలిచిపోయినవి. ఆటలు లేనిచో నిధి లేదు. అందుకు నిధివారు లార్డ్ బ్రబజాన్ అధ్యక్షతన ఒక సంఘమును కూర్చిరి. టామ్ ఫిన్నీ, టామీ లాటన్ వంటి ప్రఖ్యాత క్రీడాకారులు సభ్యులు. వారు లండనులో ఒక గదిలో తలుపులు వేసికొని, జరుగని ఆటలకు ఫలితములు నిర్ణయించిరి! జనము రేడియో వద్ద కూర్చుండి ఆ తీర్పులను విని కూపనులు సరిచూచుకొనిరి. బంతి లేకయే పందెము సాగినది. ఆటపై ప్రేమను పెంచుటకే తాము పుట్టితిమని చెప్పు పథకములను వినునపుడు ఈ ముచ్చటను తలచుకొనవచ్చును.

ఇక ఆడినవారి సంగతి. 1946లో లిటిల్‌వుడ్స్ ప్రవేశపెట్టిన ట్రెబుల్ ఛాన్స్ అను పద్ధతిలో, సమముగా ముగియు ఎనిమిది ఆటలను ఎన్నుకొనవలెను. పట్టికలో 55 ఆటలున్నవనుకొన్నచో వానినుండి ఎనిమిదింటిని ఎన్నుకొనుటకు 121 కోట్లకు పైగా విధములున్నవి. ఫుట్‌బాలు తెలిసినవానికిని తెలియనివానికిని ఇందులో భేదమెంత? చిన్న గెలుపులు తగ్గి, ఒకరిద్దరికి మహానిధి దక్కు విధముగా ఆట మారినది. 1961లో కాసిల్‌ఫర్డ్ పట్టణపు గని కార్మికుడు కీత్ నికల్సన్, అతని భార్య వివ్ 1,52,319 పౌనులు గెలిచిరి. ఖర్చు పెట్టుదుము, పెట్టుచునే యుందుమని ఆమె పత్రికలవారితో చెప్పినది, చెప్పినట్లే చేసినది. 1965లో భర్త కారు ప్రమాదమున మరణించెను; ధనము కరగిపోయినది; బాకీలు మిగిలినవి. గెలిచినవారి చిత్రములు పత్రికలలో పడినవి. ఓడినవారి చిత్రములు ఏ పత్రికయు వేయలేదు.

ఓడినవారి లెక్కను మనమే వేయుదము. పదిమంది మిత్రులు తలకు 10 రూపాయలు వేసికొని 100 రూపాయల నిధి చేసిరనుకొందము. నిర్వాహకుని వంతు నూటికి 10. మిగిలిన 90 వారిలో ఎవరికో ఒకరికి పోవును. మరుసటి వారము ఆ 90 రూపాయలే మరల నిధిలో పడినచో పంచుటకు మిగులునది 81. ఈ విధముగా ఏడు వారములు గడచునప్పటికి ఆ పదిమంది చేతులలో కలిపి యుండునది 47 రూపాయల 83 పైసలు. ఇరువదిరెండు వారములకు 10 రూపాయలకు లోపు. ఎవరెంత నేర్పుగా ఆడినను ఈ మొత్తము మారదు. నేర్పు వలన ఒక మిత్రుని సొమ్ము మరియొక మిత్రునికి చేరుటయే మారును. రైతు విత్తిన గింజ పదింతలగును. నేతగాని నూలు వస్త్రమగును. నిధిలో పోసిన రూపాయి మాత్రము తరుగుటయే కాని పెరుగుట లేదు. కూటమి యెంత స్నేహపూర్వకమైనదో తరుగు అంత సులభముగా సాగును, ఏలయన ఓడినవాడు ఓడినది మిత్రునికే గదా యని ఊరడిల్లును.

ఈ విషయము మన న్యాయస్థానములకును వచ్చినది. ప్రవేశరుసుము పెట్టి బహుమతులిచ్చు పదరంగపు పోటీల విషయమున 1957లో సుప్రీంకోర్టు, జూదము వ్యాపారముగా రాజ్యాంగరక్షణకు పాత్రము కాదని తీర్పు చెప్పినది. నైపుణ్యముపై ఆధారపడిన పోటీలను వేరుగా చూచినది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సికింద్రాబాదులోని ఒక క్లబ్బు విషయమై సుప్రీంకోర్టుకు పోయినపుడు, రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని తీర్పు వచ్చినది. కాని ఆ తీర్పులోనే మరియొక మాట కలదు. పణములు పెట్టి ఆడు ఆటనుండి ఇల్లు లేక క్లబ్బు నడపువాడు లాభము పొందుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము కావచ్చునని న్యాయమూర్తులు సూచించిరి. మొదటి మాట అందరి నోళ్లను నానినది. రెండవ మాటను తలచినవారు తక్కువ. మన లెక్కకు రెండవదే ముఖ్యము.

తరువాతి కథ మన కన్నుల యెదుట జరిగినదే. 2008లో ఆరంభమైన డ్రీమ్ 11 వంటి సంస్థలు, నిజమైన క్రికెట్ ఆటగాండ్రనుండి ఊహాజట్లను ఎన్నించి, ప్రవేశరుసుములను నిధిగా చేసి, తమ వంతు పోను బహుమతులు పంచినవి. 2017లో పంజాబు హర్యానా హైకోర్టు దీనిని నైపుణ్యపు ఆటగా అంగీకరించినది. అదే సంవత్సరము తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూదశాసనములను సవరించి, ఇంటర్నెట్టుద్వారా డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించినవి. 2023 అక్టోబరు 1 నుండి పూర్తి పణముపై నూటికి 28 వంతుల పన్ను పడినది. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనను అదృష్టమైనను, డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించు శాసనమును చేసినది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. కోట్లాది జనమును చేర్చుకొన్న సంస్థలు దినముల వ్యవధిలో డబ్బు పోటీలను ఆపివేసినవి. జాన్ మూర్స్ అప్పీలులో గెలిచినది ఏ ద్వారమునందో వారు ఆగిపోయినది ఆ ద్వారమునందే.

లిటిల్‌వుడ్స్ పూల్సును శాసనము మూయలేదు. 1994 నవంబరులో బ్రిటిషు ప్రభుత్వము జాతీయ లాటరీని తెరచినది. ఎనిమిది ఆటలను ఊహించు శ్రమ లేక ఆరు అంకెలపై గీత గీచిన చాలును. జనము అటు తరలిరి. 2000లో పూల్సు విభాగము పరహస్తగతమైనది. మూర్స్ అప్పటికి లేడు. 1993లో కాలధర్మము నొందెను. అతని పేర లివర్‌పూలులో ఒక విశ్వవిద్యాలయము, 1957 నుండి జరుగుచున్న చిత్రకళా ప్రదర్శన నేటికిని కలవు. అతని దాతృత్వమును కాదనలేము. ఆ ధనము వారము వారము 3 పెన్నీల చొప్పున ఎవరి బల్లలమీదనుండి వచ్చినదో మరువనులేము.

కావున పెట్టుబడి కోరి వచ్చిన క్రీడాపందెపు పథకమును తూచువారు మూడు తూనికలు వేయవలసియున్నది. వచ్చువారెందరు, నిలుచువారెందరు అనునది మొదటిది. ఇది హ్యూస్‌కును ఆస్కమ్‌కును మూర్స్‌కును తెలిసినదే. శాసనకర్త, పన్నుల అధికారి, ఆటకు యజమాని, ఈ ముగ్గురును నేడు మౌనముగా నున్నను రేపు ఏమి అడుగుదురనునది రెండవది; దీనిని తూచుటకు ధైర్యముకంటె చరిత్రజ్ఞానము ఎక్కువ పనికివచ్చును. మూడవది పెట్టుబడిదారుల పట్టికలో సాధారణముగా కనుపడదు. ఈ సంస్థ లాభమని వ్రాసికొను ప్రతి రూపాయియు ఆడువారి నష్టముగా ఎక్కడో ఒక గృహపు లెక్కలో పడియుండును. ఇతర వ్యాపారములలో ఇరుపక్షములకును మేలు కలుగుటకు వీలున్నది. ఇందులో ఆడువానికి దక్కునది ఆశ, కొంత వినోదము. ఆ ఆశకు అతడు చెల్లింపగల వెల యెంత, చెల్లించుచున్న వెల యెంత అని అడిగి, జవాబు రాబట్టిన పిమ్మటనే సంచి విప్పవలెను.

లివర్‌పూలు మిత్రులు ముగ్గురును మొదటి తూనికను నిజాయితీగా వేసిరి. ఇద్దరు దాని మాట విని వెడలిరి. ఒకడు దానిని మీరి నిలిచెను. రెండవ తూనికలో అతనికి న్యాయస్థానము కలిసివచ్చినది. మూడవదానిని ఆనాడు ఎవరును వేయలేదు. నేడు అదే పథకము చేతిలోని ఫోనులో మన యిండ్లలోనికే రాజూచుచున్నది గనుక, దానిని వేయుట పెట్టుబడిదారుల పని మాత్రమే కాదు. మన పని కూడ.